క్రొత్త నిబంధనయు ఇశ్రాయేలును

క్రైస్తవుల వేదగ్రంథము రెండు భాగములుగా నున్నదనియు, వానికి పాత నిబంధన, క్రొత్త నిబంధన యని పేళ్లనియు చదువరు లెఱిగినదే. నిబంధన యను మాట మా న్యాయవాదవృత్తియందు నిత్యము చెవిని బడునది. ఒక విషయమును గూర్చి దస్తావేజు వ్రాసికొనినవారు, కొంతకాలమునకు అదే విషయమును గూర్చి మఱియొకటి వ్రాసికొనినచో, మొదటిది రద్దయినదని దస్తావేజు లేఖరి మొదలుకొని హైకోర్టు వకీలు వఱకు నెల్లరును తలంతురు. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టమునందలి 62వ సెక్షను చెప్పునదియు నిదియే. కావున క్రొత్త నిబంధన వచ్చెననగానే పాతది కొట్టివేయబడెననియు, పాతదానిలో కక్షియైన ఇశ్రాయేలు జనమునకు ఇక నే హక్కును లేదనియు, వారి స్థానమున క్రైస్తవసంఘము ప్రవేశించెననియు ననుకొనుట మిక్కిలి సులభము. క్రైస్తవులలో బహుజనులు రమారమి పదునెనిమిది శతాబ్దములు అట్లే యనుకొనిరి. ఆ తలంపు గ్రంథములలోనే నిలిచిపోయిన యెడల మేమీ వ్యాసము వ్రాయు నగత్యము లేకపోయెడిది. యూరపుఖండమున యూదులు ఇండ్లను, ఊళ్లను, ప్రాణములను గోల్పోవుటకు అది తోడ్పడినది.

అయితే ఆ 62వ సెక్షనునందే యొక షరతు గలదు. పాతదానికి బదులు క్రొత్తది నిలుచుటకు ఉభయపక్షములును సమ్మతించియుండవలెను. ఒక పక్షమును తొలగించి, దాని పేర మూడవవాడు వచ్చి సంతకము చేసినది నవీకరణము గాదు. కావున ఏ నిబంధన, ఎవరెవరి నడుమ, ఏ మాటలతో నేర్పడినదో మూలపత్రములను బట్టియే విచారింపవలసియున్నది.

ముందుగా మాటను గూర్చి. హెబ్రీభాషయందు దీనికి బెరీతు అని పేరు. ఈజిప్టునందలి అలెగ్జాండ్రియాలో ఆ గ్రంథములను గ్రీకుభాషలోనికి మార్చిన పండితులు, సరిసమానుల నడుమ జరుగు ఒప్పందమునకు గల మాటను విడిచి, దియాథేకే యను వేఱొక మాటను గైకొనిరి. ఒకడు తన యాస్తిని గూర్చి తానే చేయు ఏర్పాటునకు, అనగా వీలునామాకు, ఆ భాషలో నిదియే పేరు. దేవుడును మనుష్యుడును సమానకక్షులు గారు గదా యని వారు తలంచియుందురు. లాటినులో అది టెస్టమెంటుమ్ అయ్యెను. హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక తొమ్మిదవ యధ్యాయమున, ఈ మాటకు గల రెండర్థములను బట్టి యొక వాదము నడుపబడినది: వ్రాసినవాడు మరణించినగాని మరణశాసనము చెల్లదు గనుక క్రీస్తు మరణము ఆవశ్యకమయ్యెనని. మన తెలుగు బైబిలునందు అంతవఱకు నిబంధన యని వచ్చుచున్న మాట, ఆ చోట మాత్రము మరణశాసనమని మాఱును. అనువాదకు లేల మార్చవలసి వచ్చెనో తెలిసికొనిన చదువరికి, ఈ వ్యవహారమును గూర్చిన తగాదాలో సగము తెలిసినట్లే.

ఇక మూలపత్రము. క్రొత్త నిబంధన యను మాట క్రైస్తవులు పుట్టించినది గాదు. అది యిర్మీయా ప్రవక్త గ్రంథమునందు, 31వ యధ్యాయమున నున్నది. క్రీస్తునకు పూర్వము ఆఱవ శతాబ్దపు తొలిభాగమున బాబెలు రాజు యెరూషలేమును ముట్టడించి, దేవాలయమును గాల్చి, జనులను చెఱగొనిపోయిన దుర్దినముల ప్రవక్త ఆయన. దేశము పోవుచున్న కాలమున, దేవుడు తన జనముతో మరల నొక నిబంధన చేయునని ఆయన పలికెను. కక్షుల పేళ్లు స్పష్టముగా నున్నవి: ఇశ్రాయేలువారు, యూదావారు. అన్యజనుల ప్రసక్తియే లేదు. నిబంధనయందలి విషయ మేమనగా, మునుపు రాతిపలకలమీద నుండిన ధర్మశాస్త్రము ఇకమీదట వారి హృదయములమీద వ్రాయబడును. పెద్దలు పిన్నలనక అందఱును దేవుని నెఱుగుదురు. వారి పాపములు మఱవబడును. ఇందు ధర్మశాస్త్రము కొట్టివేయబడునని యెచటను లేదు. అది వ్రాయబడు స్థలము మాత్రము మాఱుచున్నది. అంతియ గాక, ఆ వెంబడి వాక్యములలోనే, సూర్యచంద్రనక్షత్రముల క్రమము తప్పినగాని ఇశ్రాయేలు జనముగా నుండకపోదని ప్రవక్త పూచీ పలుకుచున్నాడు. ఈ రెండవ భాగమును చదువకయే మొదటి భాగమును ఉదాహరించినవారు చరిత్రలో పెక్కండ్రు. దస్తావేజులో తమకు ననుకూలమైన పుటను మాత్రము దాఖలు చేయు కక్షిదారులను మేము కోర్టులో జూచుచునే యుందుము.

యేసుక్రీస్తు తన కడపటి భోజనమున పాత్రను చేతబట్టి తన రక్తమువలన నైన నిబంధనను గూర్చి పలికెనని నాలుగు చోట్ల నున్నది. పౌలును లూకాయు క్రొత్త నిబంధన యనిరి. మత్తయి, మార్కుల ప్రాచీనప్రతులలో ఊరక నిబంధన యని మాత్రమే యున్నది. ఎట్లయినను ఆ పంక్తియం దుండినవారందఱు యూదులే. ఆ రాత్రి నిబంధనలో కక్షులుగా నుండినవారు ఇశ్రాయేలీయులే యని యొప్పుకొనినచో, మొదటి చిక్కు విడిపోవును గాని రెండవది వచ్చిపడును: అన్యజను లందు ప్రవేశించుట యెట్లు?

ఆ చిక్కును విప్ప బూనినవాడు పౌలు. ఈయన తార్సు పట్టణపు యూదుడు, పరిసయ్యుడు, వాదనలో దిట్ట. గలతీయులకు వ్రాసిన పత్రికలో ఆయన చేసిన వాదము ఏ న్యాయస్థానమునందైనను నిలుచునది. స్థిరపడిన యొడంబడికను తరువాత వచ్చినదేదియు రద్దుపఱుపజాలదు గనుక, అబ్రాహామునకు దేవు డిచ్చిన వాగ్దానమును 430 సంవత్సరముల తరువాత వచ్చిన ధర్మశాస్త్రము కొట్టివేయజాలదని ఆయన వాదించెను. అన్యజనులు సున్నతి లేకయే అబ్రాహాము సంతానమగుట కీ వాదమును ద్వారముగా జేసెను. కాని ఈ సూత్రము రెండువైపుల పదునుగల కత్తి. తరువాతిది ముందటిదానిని రద్దుపఱుపజాలదనినవాడు, క్రీస్తుతో వచ్చినది ఇశ్రాయేలునకు లోగడ ఇచ్చిన వాగ్దానమును రద్దుపఱిచెనని చెప్ప వీలులేదు.

ప్రతిపక్షపు సాక్ష్యమును దాచుట మా వృత్తిధర్మము గాదు. అదే పత్రికలో పౌలు హాగరును సీనాయి కొండతో పోల్చి, దాసిని వెడలగొట్టుడను మాటను తెచ్చెను. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో పాత నిబంధన చదువునపుడు వారి హృదయములమీద ముసుగున్నదని వ్రాసెను. మత్తయి సువార్తలో దేవుని రాజ్యము మీయొద్దనుండి తీసివేయబడునని యున్నది. హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక యిర్మీయా వాక్యములను యథాతథముగా నెత్తి చూపి, మొదటిది పాతబడినదనియు అదృశ్యమగుటకు సిద్ధముగా నున్నదనియు తేల్చెను. ఇవి చిన్న సాక్ష్యములు గావు. అయినను హెబ్రీయుల పత్రికలో పాతబడినవని చెప్పబడినవి యాజకత్వము, బలులు, గుడారము; జనము పాతబడెనని అందు లేదు. ముసుగును గూర్చి చెప్పిన పౌలే అది తీసివేయబడునని అచటనే చెప్పెను.

ఈ విషయమున పౌలు కడపటి మాట రోమీయులకు వ్రాసిన పత్రికలో, 9 మొదలు 11 వఱకు గల అధ్యాయములందు గలదు. ఈ పత్రిక రమారమి క్రీ.శ. 57 నాటిది. అంతకు కొన్నియేండ్లకు ముందు క్లౌదియ చక్రవర్తి యూదులను రోమునుండి వెడలగొట్టెను. ఆయన 54లో చనిపోయిన తరువాత వారు మరల వచ్చుచుండిరి. ఈలోపల రోములోని సంఘము అన్యజనుల చేతిలోనికి వచ్చినది. తిరిగివచ్చిన యూదులను వారు కొంత చులుకనగా జూచుచుండిరని పత్రికయందలి మందలింపులను బట్టి యూహింపవచ్చును. వారికి పౌలు ఒలీవచెట్టు నుపమానముగా జెప్పెను. మంచిచెట్టు కొమ్మలు కొన్ని విఱిచివేయబడినవి; ఆ స్థలమున అడవి ఒలీవకొమ్మలు అంటుకట్టబడినవి. తోటమాలి చేయునది యిందుకు విరుద్ధము: అడవిచెట్టునకు మంచికొమ్మ నంటుకట్టుట వాడుక. ఇది ప్రకృతివిరుద్ధమని పౌలే యొప్పుకొనెను. వేరు నిన్ను భరించుచున్నదిగాని నీవు వేరును భరించుట లేదనియు, విఱిగిన కొమ్మలను మరల నంటుకట్టుట దేవునికి మఱింత సులభమనియు ఆయన భావము. తుదకు దేవుని వరములును పిలుపును వెనుకకు దీసికొనబడునవి గావని తేల్చెను. ఇశ్రాయేలంతయు రక్షింపబడునను ఆయన మాటయందలి ఇశ్రాయేలు ఎవరను తగాదా నేటికిని తెగలేదు. కాల్విను యూదులును అన్యజనులును గూడిన దేవునిజన మంతయు నని యర్థము చెప్పెను. నేటి పండితులలో పెక్కురు ఆ జనమే యందురు. వాక్యక్రమమును బట్టి చూడగా మాకును రెండవదియే సరిగా దోచుచున్నది. ముందు వెనుక వాక్యములలో అన్యజనులకు ప్రతిగా వాడిన మాటకు నడుమ నర్థము మార్చుట న్యాయము గాదు.

ఇచట దత్తతను గూర్చి యొకమాట. అన్యజనులు దేవునికి దత్తపుత్రులైరని పౌలు వ్రాసెను. ఆయనయే రోమీయుల పత్రిక తొమ్మిదవ యధ్యాయమున ఆ దత్తపుత్రత్వము ఇశ్రాయేలీయులదని గూడ వ్రాసెను. మన హిందూ ధర్మశాస్త్రమున ఔరసుడు జీవించియుండగా కొడుకును దత్తు చేసికొన వీలులేదు. 1956వ సంవత్సరపు చట్టము 11వ సెక్షను ప్రకారము నేడును వీలులేదు. ఆ న్యాయము మనస్సున నున్నవాడు దత్తుని హక్కు నిలుపుటకు ఔరసుడు మరణించెనని రుజువు చేయ యత్నించును. తరువాతి క్రైస్తవాచార్యులు చేసినది సరిగా నిదియే యని మా కనిపించును. కాని రోమకన్యాయమున ఆ యడ్డంకి లేదు. క్లౌదియుడు తన ఔరసుడైన బ్రిటానికుడు బ్రదికియుండగానే క్రీ.శ. 50లో నీరోను దత్తు చేసికొనెను. 55లో బ్రిటానికుడు చనిపోయెను. నీరో విషము పెట్టించెనని రోమక చరిత్రకారులు వ్రాసిరి. పౌలు పత్రిక రోమునకు జేరునప్పటికి సింహాసనముమీద నుండినవాడు ఆ దత్తుడే. పౌలు దీనిని మనస్సున నుంచుకొని వ్రాసెనని మేమనము. కాని వేరుమీద గర్వింపకుమను మాటను ఆ నగరమున వినినవారికి, దత్తుడు ఔరసుని నేమి చేయగలడో వేఱుగా చెప్ప నక్కఱ లేదు.

క్రీ.శ. 70లో రోమకులు దేవాలయమును గాల్చిరి. 135లో యూదుల రెండవ తిరుగుబాటు నణచి, వారిని యెరూషలేమునుండి వెడలగొట్టిరి. దేవుడు వారిని విడిచెననుటకు ఇంతకంటె సాక్ష్యమేల యని అన్యజన క్రైస్తవులు తలంచిరి. 144 ప్రాంతమున మార్షియను అనువాడు హెబ్రీ గ్రంథములనే పారవేయవలెననగా, రోమునందలి సంఘము వానిని బహిష్కరించెను. అది మంచిపనియే. కాని ఆ గ్రంథములను నిలుపుకొనగోరిన సంఘమునకు, ఆ గ్రంథములకు సొంతదారులమని చెప్పుకొను యూదులు ప్రక్కవీధిలోనే యుండిరి. రమారమి 160లో జస్టిను అను తత్త్వవేత్త ట్రైఫో యను యూదునితో సంవాదరూపమున గ్రంథము వ్రాసి, నిజమైన ఆధ్యాత్మిక ఇశ్రాయేలు తామేయని చెప్పెను. అయిదవ శతాబ్దమున అగస్తీను మఱియొక మార్గము కనిపెట్టెను: యూదులు క్రైస్తవులకొఱకు పుస్తకములు మోయువారు, వారిని చంపరాదు, కాని చెదరినవారై యుండవలెను. ఈ సిద్ధాంతము కాపాడినదియు నిజమే, క్రుంగదీసినదియు నిజమే. 1096లో సిలువయుద్ధమునకు బయలుదేఱిన గుంపులు రైనునదీతీరమున వర్ము, మయింజు పట్టణములలో యూదులను నఱికినవి. 1146లో మరల అట్టిది జరుగబోగా, బెర్నార్డు మఠాధిపతి స్వయముగా వెడలి, చంపరాదను ఆ వాదముతోనే దాని నాపెను. 1215లో యూదులు వేఱుగా గుర్తింపబడు దుస్తులు ధరింపవలెనని రోమునందలి మహాసభ శాసించెను. 1290లో ఇంగ్లండును, 1492లో స్పెయినును వారిని వెడలగొట్టినవి.

స్ట్రాస్‌బర్గు దేవాలయద్వారమునకు పదుమూడవ శతాబ్దమున ఇరుప్రక్కల నిద్దఱు స్త్రీల ప్రతిమలు నిలిపిరి. ఒకతె సంఘము: తలపై కిరీటము, చేత సిలువ, చూపు సూటిగా. మఱియొకతె యూదసభ: కండ్లకు గుడ్డ కట్టబడినది, చేతియందలి ఈటె విఱిగినది, ధర్మశాస్త్రపుపలకలు వ్రేళ్లనుండి జాఱుచున్నవి. పౌలు చెప్పిన ముసుగే అచట కంటిగుడ్డ యైనది. అది తీయబడునని ఆయన చెప్పిన మాట శిల్పమున నెక్కలేదు. శిల్పి మిక్కిలి నిపుణుడు; ఓడినదానినే హెచ్చు సౌందర్యవతిగా జెక్కెనని చూచినవారు చెప్పుదురు. చదువురాని రైతు తరతరములుగా ఆ ద్వారమున బోవుచు వేదాంతము నేర్చినది ఈ రాళ్లవలననే.

లూథరు 1523లో యేసు యూదుడుగా జన్మించెనని గ్రంథము వ్రాసి, వారిని దయతో జూడుడని బోధించెను. వారు మతము మార్చుకొనకపోగా, 1543లో వారి సభామందిరములను కాల్చుడనియు, ఇండ్లు కూల్చుడనియు, గ్రంథములు లాగికొనుడనియు వ్రాసెను. ఇరువదియేండ్లలో ఒకే కలమునుండి ఈ రెండును వెలువడినవి. దయ ఫలాపేక్షతో గూడినదైనప్పుడు ఏమగునో యిందు చూడవచ్చును. అమెరికాలోని లూథరను సంఘమొకటి 1994లో ఆ రెండవ వ్రాతను బహిరంగముగా నిరాకరించెను. కాల్విను మార్గము వేఱు. ఆయన మతమున నిబంధన మొదటినుండి ఒక్కటియే. సారము మాఱలేదు, నడిపింపు మాత్రము మాఱినది. ఇది పాత నిబంధనను గౌరవించును గాని, ఇశ్రాయేలును సంఘములో కరగించివేయును. పందొమ్మిదవ శతాబ్దమున డార్బీ యను వాడు దీనికి పూర్తిగా నెదురు మార్గమును ద్రొక్కి, ఇశ్రాయేలు వేఱు, సంఘము వేఱు, వారి వాగ్దానములు వారికే యనెను. 1909లో వెలువడిన స్కోఫీల్డు వ్యాఖ్యానసహిత బైబిలువలన ఈ మతము అమెరికాలో మిక్కిలి వ్యాపించెను. అయితే యిర్మీయా చెప్పిన క్రొత్త నిబంధన ఇశ్రాయేలుదే యైనచో సంఘము త్రాగు పాత్ర యేమి? ఈ ప్రశ్నకు జవాబుగా ఆ పక్షపు పండితుడైన చేఫరు క్రొత్త నిబంధనలు రెండని చెప్పెను. చిక్కు దీరుటకు దస్తావేజు నకలు పుట్టించుట మా కంతగా రుచింపదు.

1933 మొదలు 1945 వఱకు జర్మనీలో అధికారము చేసినవారు రమారమి అఱువదిలక్షల యూదులను చంపించిరి. వారి సిద్ధాంతము జాతిద్వేషము. అది సంఘపు బోధ గాదు. కాని ఆ ద్వేషము మొలచిన నేల శతాబ్దములుగా దున్నబడియుండెను. ఫ్రాన్సుదేశపు చరిత్రకారుడు జూల్సు ఐజాకు యూదుడగుటచే ఉద్యోగము గోల్పోయెను. ఆయన భార్యయు కుమార్తెయు ఔష్విట్జులో హతులైరి. ఆయన దాగియుండియు వ్రాసిన గ్రంథము, యేసును ఇశ్రాయేలును గూర్చినది, 1948లో వెలువడెను. 1960 జూనులో, తన 82వ యేట, ఆయన ఇరువదిమూడవ యోహాను పోపును దర్శించి, సంఘము తన బోధను సరిదిద్దుకొనవలెనని వేడెను. 1965 అక్టోబరు 28న వాటికను మహాసభ, 2,221 సమ్మతులతోను 88 అసమ్మతులతోను, యూదులు దేవునిచే శపింపబడినవారనిగాని త్రోసివేయబడినవారనిగాని చెప్పరాదని ప్రకటించెను. ఆధారముగా జూపినది రోమీయుల పత్రిక పదునొకండవ యధ్యాయమే. పందొమ్మిదివందల యేండ్లుగా ఆ పత్రము దాఖలులోనే యున్నది, చదివినవారు లేకపోయిరి. 1980లో రెండవ యోహాను పౌలు పోపు మయింజు పట్టణమున, అనగా 1096లో ఆ నరకుడు జరిగిన యూరనే, దేవు డెన్నడును రద్దుచేయని నిబంధనకు చెందిన జనమని యూదులను గూర్చి పలికెను. 2015 డిసెంబరులో వెలువడిన వాటికను పత్రము, యూదులను మతము మార్చుటకై సంస్థారూపమున ప్రత్యేకప్రయత్నమేదియు సంఘము చేయదనెను. కాని రక్షణకు రెండు దారులు లేవనియు, ఇవి రెండు నెట్లు పొసగునో దేవుని మర్మమనియు చెప్పెను. ప్రాడ్వివాకుడు ఇట్టి తీర్పు చెప్పినచో మేము అప్పీలు చేయుదుము. వేదాంతులు చెప్పినప్పుడు, వారు తమకు దెలియని దానిని దెలియదనుట యిదియే మొదటిసారి గావచ్చునని సంతసింతుము.

మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దాపున కొత్తరెడ్డిపాలెమున కొన్ని దళితకుటుంబములు, లోగడ బాప్టిస్టు క్రైస్తవులై యుండి, గడచిన శతాబ్దపు తుదిభాగమునుండి తాము ఎఫ్రాయిము గోత్రపు ఇశ్రాయేలీయులమని చెప్పుకొనుచు, విశ్రాంతిదినమును యూదుల పండుగలను ఆచరించుచున్నారు. ఆత్మసంబంధమైన ఇశ్రాయేలు మీరేయని సంఘము ఎంత చెప్పినను, ఆ మాట వారికి చాలినట్లు లేదు.

మిగిలినది భూమిని గూర్చిన ప్రశ్న. నిబంధన రద్దు గాలేదనినచో అందు వాగ్దానము చేయబడిన దేశము సంగతి యేమి? 1948లో ఇశ్రాయేలు రాజ్య మేర్పడినప్పుడు రమారమి ఏడులక్షల పాలస్తీనీయులు ఇండ్లు విడిచిరి, లేక వెడలగొట్టబడిరి. వారిలో క్రైస్తవులును గలరు. డార్బీ మార్గీయులకు అది ప్రవచనము నెఱవేఱుట. ఆదికాండము వారికి పట్టాకాగితము. మాకట్లు తోచదు. లేవీయకాండము 25వ యధ్యాయమున భూమి దేవునిదనియు, ఇశ్రాయేలీయులు ఆయనయొద్ద కాపురమున్న పరదేశు లనియు నున్నది. అది కౌలు మాట, పట్టా మాట గాదు. పరదేశిని బాధింపరాదను షరతు ఆ కౌలులోనే పెక్కుచోట్ల నున్నది. పౌలు ఇశ్రాయేలునకు గల వానిని పేర్కొనునపుడు దత్తపుత్రత్వము, మహిమ, నిబంధనలు, ధర్మశాస్త్రము, ఆరాధన, వాగ్దానములు అని వరుసగా చెప్పెను. దేశమును ప్రత్యేకముగా పేర్కొనలేదు. ఒక జనము దేవునిచే విడువబడలేదనుట వేఱు, ఒక ప్రభుత్వము గీచిన సరిహద్దు దేవుడు గీచినదనుట వేఱు. మొదటిది నిరాకరించి యూరపు క్రైస్తవులు చేసిన పాపమునకు ప్రాయశ్చిత్తముగా రెండవదాని నంగీకరించినచో, వెల చెల్లించువారు పాపము చేసినవారు గారు.

నయీము అతీకు అను ఆంగ్లికను గురువు బైసాను పట్టణమున బుట్టి, 1948లో పదునొకండవ యేట కుటుంబముతోగూడ అచటినుండి వెడలగొట్టబడెను. ఆయన 1989లో ప్రచురించిన గ్రంథమున, ఆ సంవత్సరమునకు పిమ్మట తన జనులలో పెక్కుమందికి పాత నిబంధన చదువుట కష్టమయ్యెనని వ్రాసెను. తాతముత్తాతలనాటినుండి దేవాలయమున పాడుచు వచ్చిన కీర్తనలలో ఇశ్రాయేలు దేవుడను మాట వచ్చినప్పుడు, తమ యింటి తాళపుచెవి యింకను దగ్గఱ నుంచుకొనినవారు ఏ యర్థముతో దాని నుచ్చరింపవలెను? 2009 డిసెంబరులో బేత్లెహేమున కూడిన పాలస్తీను క్రైస్తవులు కైరోసు అను పేర వెలువరించిన పత్రము ఈ ప్రశ్ననే ప్రపంచమునందలి సంఘముల ముందుంచెను. అందులకు కొన్ని సంఘములు జవాబు వ్రాసినవి, పెక్కులు వ్రాయలేదు.